చెయ్యి తిరిగిన డ్రమ్మర్‌నూ తడబెట్టే రాక్ పాటలు: కష్టం ఎక్కడుంది, ఎలా లొంగదీయాలి

"అబ్బో, ఫాస్ట్‌గా ఉంది, కష్టమే" అనేది కొత్తగా స్టిక్స్ పట్టినవాళ్ల మాట. నాలుగైదేళ్లుగా వాయిస్తున్నవాళ్లు ఇరుక్కునేది వేరే చోట. 200 బీపీఎం (నిమిషానికి బీట్లు) దాటిన పంక్ పాట రెండు సాయంత్రాల్లో లొంగిపోతుంది. 86 దగ్గర తీరిగ్గా నడిచే పాట నెలల తరబడి సతాయిస్తుంది. బీట్ తెలుసు, నోట్స్ తెలుసు, అయినా రికార్డు పక్కన పెట్టి వింటే మనది చప్పగా ఉంటుంది. ఇది బేసిక్ రాక్ బీట్లు, ఫిల్స్ (బీట్ మధ్యలో వచ్చే చిన్న విరుపులు), సింగిల్, డబుల్ స్ట్రోక్స్ శుభ్రంగా వాయించగలిగి, ఆ పై మెట్టు దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం.

కిట్ మీద కూర్చోకముందే ఒక పరీక్ష చేయండి. పాటలో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న నాలుగు బార్లు (తాళం నాలుగు ఆవృత్తాలు) తీసుకుని, డ్రమ్స్ లేకుండా, నోటితో పలుకుతూ తొడ మీద తాళం వేయండి. ఇక్కడే తప్పితే మీ సమస్య లెక్క. చేతులూ కాళ్లూ ఎంత సాధన చేసినా ప్రయోజనం ఉండదు. నోటితో వచ్చి, కిట్ మీద 70 శాతం వేగంలో కూడా రాకపోతే సమస్య సమన్వయం, అంటే ఒక అవయవం ఇంకోదాన్ని లాగేస్తోంది. 70 శాతంలో వచ్చి 95 శాతంలో విరిగితే టెక్నిక్ లేదా దమ్ము. అన్నీ వస్తున్నాయి, కానీ ఫోనులో రికార్డు చేసి వింటే బాగోలేదంటే సమస్య శబ్దాల హెచ్చుతగ్గులది, టైమ్‌ది. ఈ నాలుగింటికీ మందు వేరు. చాలామంది నాలుగింటికీ ఒకే మందు వాడతారు: మెట్రోనోమ్ (సమంగా క్లిక్ కొట్టే యంత్రం) పెట్టి, మొదటి నుంచి చివరి దాకా, మళ్లీ మళ్లీ. అందుకే ఆరు నెలలైనా పాట అక్కడే ఉంటుంది.

ఎడమ చేతిలో దాక్కున్న పాట: రొజానా

టోటో బృందం 1982లో తెచ్చిన పాట. డ్రమ్స్ జెఫ్ పోర్కారో. ఈ బీట్ ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనే ఒక బోధనా వీడియోలో విప్పి చెప్పాడు: బెర్నార్డ్ పర్డీ షఫుల్ కొంత (స్టీలీ డ్యాన్ 1977లో చేసిన 'హోమ్ ఎట్ లాస్ట్'లో వినిపించేది), లెడ్ జెప్పెలిన్ 'ఫూల్ ఇన్ ద రెయిన్'లో జాన్ బోనమ్ వాయించింది కొంత, కింద కిక్‌లో (పాదంతో కొట్టే పెద్ద డ్రమ్‌లో) బో డిడ్లీ బీట్. మూడూ కలిసి హాఫ్‌టైమ్ షఫుల్, అంటే బారుకి ఒక్క గట్టి స్నేర్ దెబ్బతో ఊగుతూ నడిచే బీట్.

మెట్రోనోమ్‌ని 86 దగ్గర పెట్టి, క్లిక్ ప్రతి బారులో 1 మీద, 3 మీద పడుతోందని అనుకోండి. ప్రతి బీట్‌లోనూ మూడు నోట్లు, అంటే ట్రిప్లెట్. హ్యాట్ అంటే హై-హ్యాట్, పెడల్‌తో మూసే జంట తాళాలు; ఘోస్ట్ అంటే స్నేర్ డ్రమ్ మీద వినీ వినపడని దెబ్బ; బ్యాక్‌బీట్ అంటే దాని మీదే గట్టి దెబ్బ. ఒక బారు ఇలా నడుస్తుంది:

1: హ్యాట్ – ఘోస్ట్ – హ్యాట్
2: హ్యాట్ – ఘోస్ట్ – హ్యాట్
3: హ్యాట్, బ్యాక్‌బీట్ కలిపి – ఘోస్ట్ – హ్యాట్
4: హ్యాట్ – ఘోస్ట్ – హ్యాట్

కుడి చెయ్యి హై-హ్యాట్ మీద ట్రిప్లెట్‌లో మొదటిది, మూడోది వాయిస్తుంది. ఎడమ చెయ్యి స్నేర్ మీద మధ్యది, వినీ వినపడనట్టు. మూడో బీట్ మీద మాత్రం ఎడమ చెయ్యి గట్టిగా బ్యాక్‌బీట్ కొట్టాలి. కాగితం మీద ఇంతే.

చిక్కంతా ఆ మూడో బీట్‌లోనే. గట్టి దెబ్బ తర్వాత వచ్చే ఘోస్ట్ నోటు కూడా అదే చేతిది. రెంటి మధ్య ఉన్న వ్యవధి సుమారు 0.116 సెకను. గట్టిగా కొట్టిన స్టిక్ సహజంగా పైకి లేస్తుంది. అంత ఎత్తు నుంచి దిగితే రెండో దెబ్బా గట్టిగానే పడుతుంది. అది గట్టిగా పడిందంటే షఫుల్‌లోని ఊపు పోయి, స్నేర్ మీద ఎవరో తలుపు తట్టినట్టు ఉంటుంది.

కాబట్టి ఎడమ చేతిని విడిగా తీసుకోండి. బారు మొత్తంలో దానికి ఐదు దెబ్బలు. ప్రతి దెబ్బకీ స్టిక్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోవాలి:

మొదటి బీట్ ఘోస్ట్: స్నేర్ మీద ఒక అంగుళం ఎత్తు నుంచి దింపి, అంగుళం దగ్గరే ఆపాలి.
రెండో బీట్ ఘోస్ట్: అంగుళం నుంచే దింపాలి, తగలగానే మణికట్టును పైకి లేపి స్టిక్ కొనను 10–12 అంగుళాలకు తీసుకెళ్లాలి. బ్యాక్‌బీట్‌కి సిద్ధమయ్యేది ఇక్కడే.
మూడో బీట్ బ్యాక్‌బీట్: పై నుంచి దింపి, తగలగానే వెనక వేళ్లు మూసి స్టిక్‌ని అంగుళం దగ్గర పట్టి ఆపాలి.
మూడో బీట్ ఘోస్ట్, నాలుగో బీట్ ఘోస్ట్: మళ్లీ అంగుళం నుంచి, అంగుళానికి.

ఈ ఐదు దెబ్బలనే ప్రాక్టీస్ ప్యాడ్ మీద, ఎడమ చేత్తో మాత్రమే, క్లిక్ 50 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. రెండు నిమిషాలు ఆపకుండా వచ్చాకే 4 బీపీఎం పెంచండి. 70 వచ్చాక కుడి చేతిని చేర్చండి. కుడి చెయ్యి చేరగానే ఘోస్ట్ నోట్లు పెద్దవైపోతాయి, ఎందుకంటే రెండు చేతులూ ఒకే బలంతో కదలాలని చూస్తాయి. అప్పుడు వేగం తగ్గించకుండా, హై-హ్యాట్‌ని స్టిక్ భుజంతో కాక కొనతో, మెత్తగా వాయించి చూడండి. హ్యాట్ తగ్గితే ఎడమ చెయ్యి కూడా తగ్గుతుంది. బ్యాక్‌బీట్ పట్టి ఆపేటప్పుడు పిడికిలి బిగుసుకుంటే తర్వాతి ఘోస్ట్ ఆలస్యమవుతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు మాత్రమే మూసుకోవాలి, బొటనవేలి దగ్గర పట్టు మారకూడదు.

కిక్ చివర్లో. అది రెండు బార్లకు విస్తరించిన నడక, మొదటి బారులో ఒకలా, రెండో బారులో ఇంకోలా ఉంటుంది. పాటను 0.5 వేగంలో పెట్టి, కిక్ ఏ ట్రిప్లెట్‌లో ఎన్నోదాని మీద పడుతోందో పై పట్టికలాగే రెండు బార్లకూ రాసుకోండి. ముందు కిక్, కుడి చెయ్యి మాత్రమే కలపండి. ఆ తర్వాతే ఎడమ చెయ్యి. ముగ్గురినీ ఒకేసారి కూర్చోబెడితే ఘోస్ట్ నోట్లే మొదట పారిపోతాయి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఎలక్ట్రానిక్ కిట్ మీద సాధన చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా మాడ్యూళ్లలో స్నేర్ ప్యాడ్ థ్రెషోల్డ్ ఎక్కువ పెట్టి ఉంటుంది, అంగుళం ఎత్తు దెబ్బను అది అసలు పట్టదు. శబ్దం రావట్లేదని మీరు తెలియకుండానే గట్టిగా కొట్టడం మొదలుపెడతారు. సెట్టింగ్స్‌లో థ్రెషోల్డ్ తగ్గించి, సెన్సిటివిటీ పెంచండి. అయినా పట్టకపోతే ఈ పాట వరకూ రబ్బరు ప్యాడే మేలు.

ఒక్క పాదం పాట: గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్

లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్ (1969)లో మొదటి పాట. వేగం 94 చుట్టుపక్కల. బోనమ్ కుడి పాదం ఒక్కదానితో, ఒకే పెడల్‌తో చేసిన పని విని ఇప్పటికీ చాలామంది డబుల్ పెడల్ (రెండు పాదాలతో కిక్ కొట్టే పెడల్) అనుకుంటారు.

అందులో జరిగేది ఇది. అర బీట్‌ని మూడుగా విడగొట్టండి. మొదటిది చేతిది, రెండోది, మూడోది పాదానివి. నోటితో "తకిట" అనండి: "త" దగ్గర చెయ్యి, "కి", "ట" దగ్గర కిక్. 94 వేగంలో ఆ రెండు కిక్‌ల మధ్య 0.106 సెకను. ఒక్కసారి చేయడం అంత కష్టం కాదు. వరసగా రెండు మూడు తకిటలు వచ్చినప్పుడు, మధ్యలో మామూలు కిక్‌లు కూడా కలిసినప్పుడు పిక్క బిగుసుకుంటుంది.

రెండు దెబ్బలనూ తొడ బలంతో కొట్టాలని చూస్తే ఈ వేగంలో కుదరదు. మొదటి దెబ్బకి మడమ లేపి, పాదం ముందు భాగాన్ని పెడల్ పలక మధ్యలో వేయండి. రెండో దెబ్బకి పాదం రెండు మూడు అంగుళాలు ముందుకు జారుతూ తగలాలి. కాలు ఒక్కసారే దిగుతుంది, దెబ్బలు రెండు పడతాయి. దీనికి పెడల్ కూడా సహకరించాలి:

స్ప్రింగ్ మధ్యస్థంగా ఉండాలి. మరీ బిగిస్తే మొదటి దెబ్బకే బలమంతా పోతుంది, మరీ వదులైతే బీటర్ (పెడల్‌కి ఉండే సుత్తి) వెనక్కి రాకముందే రెండో దెబ్బ వస్తుంది.
బీటర్‌ని హెడ్‌కి (డ్రమ్ చర్మానికి) అదిమి ఉంచకూడదు. మొదటి దెబ్బ తర్వాత అది వెనక్కి రాకపోతే రెండోది లేనట్టే.
కూర్చునే ఎత్తు మోకాలి కన్నా తుంటి కొద్దిగా పైన ఉండేలా చూసుకోండి. కిందికి కూర్చుంటే మడమ లేవదు.
మన దగ్గర చెప్పులు విప్పి ఉత్తి కాళ్లతో వాయించే అలవాటు ఎక్కువ. మిగతా పాటలకు పరవాలేదు కానీ, దీనికి చెమట పట్టిన అరికాలు పలకకి అంటుకుని జారదు. సాక్స్ వేస్తే మరీ జారుతుంది. పలచని, గట్టి అడుగు ఉన్న షూ సరిపోతుంది.

సాధన ఇలా సాగాలి. క్లిక్ 60 దగ్గర, కుడి చేత్తో హ్యాట్ మీద బీట్‌కి రెండు. నోటితో అర బీట్‌కి ఒక తకిట ఆపకుండా పలుకుతూ ఉండండి. బారుకి ఒక్క తకిట మాత్రమే, నాలుగో బీట్ రెండో సగంలో పాదంతో వాయించండి. తర్వాతి బారు మొదటి బీట్ మీద కిక్‌తో దిగండి. అది కుదిరాక రెండో బీట్ చివర ఇంకోటి, ఆ తర్వాత వరసగా రెండు. 60 నుంచి 80 దాకా త్వరగానే వస్తుంది. 80–88 మధ్య అందరూ ఆగుతారు. తొడతో తొక్కడం వదిలి జారుడులోకి మారేది అక్కడే. అక్కడ నెమ్మదిగా పెంచే పద్ధతి పనిచేయదు. ఒక్కసారిగా 96కి వెళ్లి, బారుకి ఒక్క తకిట మాత్రం వాయించి, మళ్లీ 84కి దిగండి.

తరచూ జరిగే తప్పు ఏమిటంటే, ట్రిప్లెట్ కాస్తా రెండు వేగమైన కిక్‌లుగా మారి తర్వాతి చేతి దెబ్బకి అతుక్కుపోవడం. వాయిస్తున్నప్పుడు తెలియదు. ఫోనులో రికార్డు చేసి సగం వేగంలో వినండి. మూడు నోట్ల మధ్య దూరాలు సమానంగా లేకపోతే వెంటనే దొరికిపోతారు. డబుల్ పెడల్‌తో వాయించేయవచ్చుగా అంటే, వాయించవచ్చు. కానీ ఎడమ పాదం హై-హ్యాట్‌ని వదిలేయాల్సి వస్తుంది, రెండు కిక్‌లూ వేరు వేరు కాళ్లవైతే వాటి బరువూ మారిపోతుంది. పాట శబ్దమే మారుతుంది.

బోనమ్ వాడిన లడ్విగ్ స్పీడ్ కింగ్ పెడల్ కిచకిచమనే అలవాటున్నది. లెడ్ జెప్పెలిన్ 1970 పాట 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ'లో ఆ కిచకిచ రికార్డులోకే ఎక్కింది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మీ పెడల్‌కి మాత్రం నూనె వేసుకోండి.

కుడి చెయ్యి దమ్ము

రష్ బృందం 'టామ్ సాయర్' (1981)లో నీల్ పియర్ట్ కుడి చేత్తో హై-హ్యాట్ మీద బీట్‌కి నాలుగు నోట్లు వాయిస్తాడు. 88 వేగంలో అంటే సెకనుకు దాదాపు ఆరు దెబ్బలు, ఒకే చేత్తో. రెండు చేతులతో పంచుకుని వాయిస్తే హ్యాట్ శబ్దం సమంగా, యంత్రంలా వస్తుంది, స్నేర్ కొట్టేటప్పుడు ఒక హ్యాట్ నోటు మాయమవుతుంది. ఒక చేత్తోనే వాయించాలంటే ముంజేతితో కాదు, మణికట్టు, వేళ్లు కలిసి పనిచేయాలి: మణికట్టు కిందికి వంగినప్పుడు ఒక దెబ్బ, వేళ్లు స్టిక్‌ని లోపలికి లాగినప్పుడు రెండో దెబ్బ. ముంజెయ్యి మండడం మొదలైతే ఆపండి. అది దమ్ము పెరగడం కాదు, పట్టు బిగిసిందని గుర్తు. ఇదే పాట మధ్యలో వాద్యాల భాగం ఏడు లెక్కలోకి మారుతుంది. అలసిన చేత్తో అక్కడికి చేరితే లెక్క కూడా పోతుంది, కాబట్టి ఆ భాగాన్ని చెయ్యి అలసిపోయాకే సాధన చేయండి.

లెక్క: ఇక్కడ మనవాళ్లకు పైచేయి

బేసి లెక్కల పాటలు అంటే పాశ్చాత్య డ్రమ్మర్లు "వన్ టూ త్రీ ఫోర్ ఫైవ్ సిక్స్ సెవెన్" అని లెక్కపెట్టడం మొదలుపెడతారు. "సెవెన్" రెండు అక్షరాలు పలికించి నోటిని తడబెడుతుంది. మృదంగం క్లాసుల బయట కూర్చున్న పిల్లలకు కూడా మన దగ్గర అంతకన్నా మంచి పరికరం ఉంది. ఐదుకి "తక తకిట", ఏడుకి "తకిట తకధిమి", తొమ్మిదికి "తకధిమి తకతకిట". ఇవి అంకెల్లా కాదు, ముక్కలుగా నాలుక మీద కూర్చుంటాయి. చెయ్యి కూడా ముక్కల్నే గుర్తుపెట్టుకుంటుంది.

సులభమైన దానితో మొదలుపెడదాం. రష్ వాళ్లదే 'వైవైజెడ్' (1981). టొరొంటో పియర్సన్ విమానాశ్రయం కోడ్ అయిన మూడు అక్షరాలే పాట పేరు. పాట మొదట్లో వినిపించే తాళం ఆ మూడు అక్షరాల మోర్స్ సంకేతం. మోర్స్‌లో గీతకి రెండు మాత్రలు, చుక్కకి ఒక మాత్ర అని పెట్టుకుంటే, పదో తరగతి ఛందస్సు సరిపోతుంది. వై అంటే గీత, చుక్క, గీత, గీత: గురువు లఘువు గురువు గురువు, అంటే రగణం మీద ఒక గురువు. ఏడు మాత్రలు. జెడ్ అంటే గీత, గీత, చుక్క, చుక్క: తగణం మీద ఒక లఘువు. ఆరు మాత్రలు. వై, వై, జెడ్ కలిపి 7+7+6, మొత్తం 20 మాత్రలు. బీట్‌కి నాలుగు మాత్రల చొప్పున సరిగ్గా ఐదు బీట్లు.

తా‌– త తా– తా– | తా– త తా– తా– | తా– తా– త త

దీన్ని నోటితో పలుకుతూ పాదంతో ఐదు బీట్లు తొక్కండి. రెండో వై ఎనిమిదో మాత్ర మీద మొదలవుతుంది, అంటే పాదం పడే చోట కాదు. అందరూ తప్పేది ఇక్కడే: పాదాన్ని అక్షరం వైపు లాగేస్తారు. పాదం కదలకూడదు. జెడ్ చివరి రెండు లఘువులు తొందరపెడతాయి, వాటిని కావాలని కాస్త బరువుగా పలకండి.

టూల్ బృందం 'స్కిజమ్' (2001) ప్రధాన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వర ముక్క) ఐదు, ఏడు మారి మారి నడుస్తుంది: తక తకిట, తకిట తకధిమి. మొత్తం పన్నెండు. అదే ఆల్బమ్‌లోని 'లాటరలస్'లో కోరస్ 9, 8, 7 ఎనిమిదో నోట్లుగా (అర బీట్లుగా) తగ్గుతూ వస్తుంది. మూడూ కలిపితే 24. సరిగ్గా మూడు మామూలు 4/4 (నాలుగు బీట్ల) బార్లు. ఈ కూడిక సాధనకి బాగా పనికొస్తుంది. మెట్రోనోమ్‌ని మామూలు బీట్ మీదే వదిలేయండి. 9 మొదలైనప్పుడు క్లిక్ మీద ఉంటారు. 8 మొదలయ్యేసరికి క్లిక్‌కి, క్లిక్‌కి మధ్యలో పడతారు. 7 కూడా మధ్యలోనే మొదలవుతుంది. అది ముగిసి మళ్లీ 9 వచ్చేసరికి క్లిక్ మీదకి తిరిగి వస్తారు. రాకపోతే ఎక్కడో ఒక నోటు మింగేశారన్నమాట. మధ్యలో క్లిక్ ఎదురు తిరిగినట్టు అనిపించడం సహజం, భయపడి దానితో సర్దుకుపోవద్దు.

ఇక టూల్ డ్రమ్మర్ డ్యానీ కేరీ వాయింపులో లెక్క దాటాక వచ్చే కష్టం ఇంకోటి ఉంది. ఆయన చాలాచోట్ల రిఫ్ లెక్కని ఒక చేతికి అప్పగించి, ఇంకో చేతిని వేరే లెక్కలో తిప్పుతాడు. అక్కడ పూర్తిగా లెక్కపెట్టడం కుదరదు. ఒక చెయ్యి లెక్కని నోటితో పలకండి, రెండో చేతిని ఒళ్లు గుర్తుపెట్టుకునేదాకా విడిగా అరగంట తిప్పండి, అప్పుడే కలపండి.

డ్రీమ్ థియేటర్ 'ద డ్యాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' (1999) ఆరు నిమిషాల వాద్య సంగీతం. అందులో లెక్క వందకు పైగా సార్లు మారుతుంది. 2010లో మైక్ పోర్ట్‌నోయ్ వెళ్లిపోయాక కొత్త డ్రమ్మర్ కోసం ఆ బృందం పెట్టిన ఆడిషన్‌లో ఇదీ ఒకటి. దీన్ని లెక్కపెట్టి వాయించేవాళ్లు ఎవరూ లేరు. గిటార్, కీబోర్డ్ వాయించే రాగాన్ని ముందు నోటితో హమ్ చేయడం నేర్చుకోండి, మొదటి నుంచి చివరి దాకా, డ్రమ్స్ ముట్టుకోకుండా. రాగం తెలిస్తే బారు ఎక్కడ ముగుస్తుందో చెవి చెబుతుంది. కాగితం మీద రాసుకోవాల్సింది అంకెలు కాదు, "పియానో ముక్క", "గిటార్ ఎక్కేది" లాంటి గుర్తులు.

బ్లీడ్

స్వీడన్ మెటల్ బృందం మెషూగా 2008లో తెచ్చిన పాట. ఈ ఒక్క పాటకి పట్టిన సాధన, ఆల్బమ్‌లోని మిగతా పాటలన్నింటికీ కలిపి పట్టినంత అని డ్రమ్మర్ టోమాస్ హాకే చెప్పాడు. విన్నాక నమ్మబుద్ధి అవుతుంది.

వేగం 115. రెండు పాదాల మీద ఒక చిన్న ముక్క తిరుగుతూ ఉంటుంది: రెండు చిట్టి నోట్లు (మామూలు నోటులో సగం నిడివి), రెండు మామూలు నోట్లు. కుడి-ఎడమ గబగబా, తర్వాత కుడి, ఎడమ. ముక్క నిడివి పదహారో నోట్లలో (పావు బీట్లలో) మూడు. చేతులు మాత్రం హాయిగా 4/4లో ఉంటాయి: క్రాష్ (పెద్ద తాళం) మీద బీట్‌కి ఒకటి, స్నేర్ మూడో బీట్ మీద. మూడు నిడివి ముక్క నాలుగు లెక్క మీద జారుతూ పోతుంది. మూడు బార్లకి పదహారు ముక్కలు పడితే గానీ రెండూ మళ్లీ కలవవు. రిఫ్ అంతదాకా ఆగదు, మధ్యలోనే తెగి మళ్లీ మొదలవుతుంది. సెకనుకు సగటున పది కిక్‌లు, ఏడు నిమిషాలకు పైగా.

సాధనని పాదాల నుంచి మొదలుపెట్టొద్దు. కుర్చీలో కూర్చుని రెండు అరచేతులతో తొడల మీద కుడి-ఎడమ, కుడి, ఎడమ అని 70 వేగంలో మొదలుపెట్టండి. నోరు బీట్‌ని "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అనాలి. చేతులకి వచ్చాక అదే ముక్కని మడమలు నేల మీద పెట్టి పాదాలతో తట్టండి, అప్పటికీ పెడల్ వద్దు. పెడల్ మీదకి వెళ్లాక ఎప్పుడూ ముందు పోయేది రెండో చిట్టి నోటు, ఎడమ పాదానిది. అది వినపడటం లేదంటే ఎడమ పెడల్ స్ప్రింగ్ కుడిదానికన్నా అర చుట్టు వదులు చేసి చూడండి. ఎడమ బీటర్‌ని హెడ్‌కి కాస్త దగ్గర పెట్టండి. వేగం పెంచేటప్పుడు ముక్కలు నాలుగు సమానమైన నోట్లుగా సాగిపోతాయి, అప్పుడు అది బ్లీడ్ కాదు, మామూలు డబుల్ బాస్. మామూలు నోట్ల దగ్గర గాలి ఉండాలి.

30 సెకన్లు వాయించి 30 సెకన్లు ఆగే పద్ధతి దీనికి సరిపోతుంది. 115 మీద 30 సెకన్లు శుభ్రంగా వచ్చాక నిడివిని 15 సెకన్ల చొప్పున పెంచండి. పిరుదులు, నడుము నొప్పి మొదలైతే కూర్చున్న తీరు తప్పు. పాదాల నొప్పిని భరించవచ్చు, నడుము నొప్పిని భరించాల్సిన అవసరం లేదు.

ఏమీ లేని పాట

ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్' (1980). 94 దగ్గర నడిచే పాట. కిక్ 1, 3, స్నేర్ 2, 4, హై-హ్యాట్ మీద బీట్‌కి రెండు. డ్రమ్స్ నేర్చుకున్న మొదటి నెలలోనే ఎవరైనా వాయించగలరు. చెయ్యి తిరిగినవాళ్లను స్టేజీ మీద బట్టలూడదీసి నిలబెట్టేది కూడా ఇలాంటి పాటే. గిటార్ రిఫ్‌లో ఖాళీలు ఎక్కువ, ఆ ఖాళీల్లో మీ హ్యాట్ ఒక్కటే వినిపిస్తుంది. స్నేర్ ఒక బారులో కొంచెం ముందు, ఇంకో బారులో కొంచెం వెనక పడితే, 'వైవైజెడ్'లో ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ హాల్లో చివరి వరసకీ తెలుస్తుంది.

ఏసీ/డీసీ డ్రమ్మర్ ఫిల్ రడ్ ఫిల్స్ వాయించకుండా ఉండటాన్ని గమనించండి. అది కూడా సాధన చేయాల్సిన విషయమే. క్లిక్ నాలుగు బార్లు మోగి, నాలుగు బార్లు ఆగేలా యాప్‌లో పెట్టుకోండి. ఆగిన నాలుగు బార్ల తర్వాత క్లిక్ వచ్చినప్పుడు మీరు దాని మీదే ఉండాలి. కుదిరాక ఎనిమిది బార్లు ఆపండి. తర్వాత క్లిక్‌ని ప్రతి బారులో నాలుగో బీట్ మీద మాత్రమే పెట్టండి. హ్యాట్‌లో మొదటి నోటు కొద్దిగా గట్టిగా, రెండోది మెత్తగా రావాలి. రెండూ సమానమైతే పాట పరుగెడుతున్నట్టు ఉంటుంది, నిజానికి వేగం మారకపోయినా. బ్యాక్‌బీట్‌ని ప్రతిసారీ స్నేర్‌లో ఒకే చోట, రిమ్ కూడా కలిసేలా కొట్టండి. స్టిక్ అంగుళం పక్కకి పడినా స్వరం మారుతుంది, మైకు పెట్టినప్పుడు అది ఇంకా బయటపడుతుంది.

ఈ వర్గంలోకే బీటిల్స్ పాటలూ వస్తాయి, వేరే కారణంతో. రింగో స్టార్ ఎడమ చేతివాటం మనిషి, కానీ కుడిచేతి వాటానికి అమర్చిన కిట్ మీద వాయించేవాడు. అందుకే ఆయన ఫిల్స్ టామ్స్ మీద తిరిగే తీరు కుడిచేతి వాళ్లకు అడ్డంగా అనిపిస్తుంది. 'కమ్ టుగెదర్'లో చెయ్యి ముడిపడినట్టు అనిపిస్తే ఫిల్‌ని ఎడమ చేత్తో మొదలుపెట్టి చూడండి, చాలావరకు ముడి విడిపోతుంది.

కచేరీకి ముందు

వారంలో ఈ పాటలన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. ఎడమ చేతి పాట ఒకటి, లెక్క పాట ఒకటి చాలు. అవి వేరే వేరే కండరాల్నీ, వేరే బుర్రనీ వాడతాయి కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే విశ్రాంతి దొరుకుతుంది. బ్లీడ్, టామ్ సాయర్ ఒకే రోజు పెట్టుకుంటే రెండూ చెడతాయి.

సెట్ లిస్ట్ రాసేటప్పుడు కూడా ఇది చూడాలి. రొజానా లాంటి పాటని మూడో పాటగా పెట్టండి. మొదటి పాటకి చెయ్యి చల్లగా ఉంటుంది, చివరి పాటకి బరువెక్కి ఘోస్ట్ నోట్లు పెద్దవైపోతాయి. బోనమ్ పాట ముందు గబగబా కిక్ ఉన్న పాట ఉంటే పిక్క ముందే బిగుసుకుంటుంది, దాని ముందు ఒక నెమ్మది పాట పెట్టించండి. రిహార్సల్‌లో ప్రతి కష్టమైన పాటనీ విడిగా కాకుండా, దాని ముందు వచ్చే రెండు పాటల తర్వాతే వాయించి రికార్డు చేయండి. వేదిక దగ్గర అద్దె కిట్ అయితే మీ పెడల్, స్నేర్ మీవే తీసుకెళ్లండి, స్ప్రింగ్ బిగింపు ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. సౌండ్ చెక్‌లో బ్యాక్‌బీట్ ఒక్కటే కాకుండా ఘోస్ట్ నోట్లు కూడా వాయించి వినిపించండి. స్నేర్ మైకు గేట్ (చిన్న శబ్దాల్ని కత్తిరించే సెట్టింగ్) ఎక్కువ పెట్టి ఉంటే అవి స్పీకర్‌లోకి రానే రావు, అప్పుడు సౌండ్ ఇంజినీర్‌ని గేట్ తగ్గించమని అక్కడికక్కడే అడగాలి.